గోడ అవతల ఏడుపు

అప్పనపల్లి గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. మామిడికుదురు మండలం. ఊరి పక్కనే వైనతేయ పాయ పారుతుంది. బాలబాలాజీ గుడికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. చుట్టూ కొబ్బరి తోటలు. తోటల మధ్య ఇళ్లు. ఇంటికీ ఇంటికీ నడుమ కొన్నిచోట్ల గోడ, కొన్నిచోట్ల తడిక. కొన్నిచోట్ల అదీ లేదు.

ఇలాంటి ఊళ్లలో ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉండదు. ఒకరి పొయ్యి మీద పులస ఉడికితే నాలుగు ఇళ్ల వాళ్లకు తెలుస్తుంది. ఎవరి గేదె ఈనిందో, ఎవరి తోటలో దింపు జరిగిందో, ఎవరి అమ్మాయి మస్కట్ నుంచి వచ్చిందో పొద్దుగూకే సరికి ఊరంతా తెలుస్తుంది.

మరి రాత్రి పూట గోడ అవతల ఏడుపు వినబడితే?

అదీ తెలుస్తుంది. కానీ ఎవరికీ తెలియనట్టే ఉంటుంది. "మొగుడూ పెళ్లాల గొడవ, మధ్యలో వెళ్లి ఎవరు మాట పడతారు?" అని దుప్పటి ముసుగు పెట్టుకుంటారు. తెల్లారి రేవులో ఆమె కనబడుతుంది. చెంప కమిలి ఉంటుంది. అందరూ చూస్తారు. చూసి చూపు తిప్పుకుంటారు. ఇది ఒక్క ఊరి సంగతి కాదు. గోడలున్న ప్రతి ఊరి సంగతీ ఇదే.

ఎంతమంది?

మన దేశంలో 2019 నుంచి 2021 వరకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లను అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లు 100 మందిలో సుమారు 30 మంది భర్త చేతిలో హింస పడ్డామని చెప్పారు. అంటే పది ఇళ్లున్న వీధిలో మూడు ఇళ్లు.

ఆ సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. అది దేశం మొత్తానికి వేసిన లెక్క. హింస పడ్డ ఆడవాళ్లు 100 మంది అనుకుంటే, వాళ్లలో సాయం కోరినవాళ్లు 14 మంది. 77 మంది సాయమూ అడగలేదు, ఎవరితోనూ చెప్పనూ లేదు. తల్లితో చెప్పలేదు. అక్కచెల్లెళ్లతో చెప్పలేదు. ఈ రెండో లెక్కను ఇంకోసారి చదవండి. ఆమె చెప్పేదాకా ఆగుదాం అనుకుంటే, 77 మంది విషయంలో ఎప్పటికీ ఆగాల్సిందే.

ఎందుకు చెప్పరు? చెబితే "సర్దుకుపో" అంటారని. పుట్టింటికి వెళితే తమ్ముడి పెళ్లి ఆగిపోతుందని. పిల్లలు ఏమవుతారోనని. చెప్పాక మళ్లీ ఆ ఇంటికే వెళ్లాలి కదా అని. ఇవి పిరికితనం మాటలు కావు, లెక్క చూసుకున్న మాటలు. ఆమె లెక్క మారాలంటే చుట్టూ ఉన్నవాళ్లు మారాలి.

లంకకు చేటు

"ఇంటి గుట్టు లంకకు చేటు" అని సామెత. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పెద్దలు ఈ సామెత చెప్పి పంపుతారు. కోనసీమలో లంకలు చాలా ఉన్నాయి కనుక ఈ సామెత ఇక్కడ బాగా పలుకుతుంది.

కానీ కథ గుర్తు చేసుకోండి. ఆ లంకలో ఒక ఆడమనిషిని ఎత్తుకొచ్చి చెట్టు కింద ఉంచినవాడు ఎవరు? రావణుడు. లంక కాలింది అతను చేసిన పనికి. గుట్టు చెప్పినవాడి వల్ల కాదు. సామెత మాత్రం తప్పు చేసినవాణ్ణి వదిలేసి, చెప్పినవాణ్ణి పట్టుకుంది. మన ఊళ్లలోనూ అదే జరుగుతోంది. కొట్టినవాడు సాయంత్రం బడ్డీ కొట్టు దగ్గర మామూలుగా కూర్చుంటాడు. చెప్పుకున్న ఆడమనిషి తలవంచుకుని నడుస్తుంది.

కొట్టడం ఒక్కటే కాదు

హింస అంటే దెబ్బలే అనుకుంటారు చాలామంది. చట్టం అలా అనలేదు. కొట్టడం, గిల్లడం, కాల్చడం హింస. ఇష్టం లేకుండా ఒంటి మీద చెయ్యి వెయ్యడం హింస. రోజూ తిట్టడం, పిల్లలు లేరనో మగపిల్లాడు లేడనో దెప్పడం, పుట్టింటి వాళ్లను చూడనివ్వకపోవడం హింస. కట్నం తెమ్మని వేధించడం హింస.

డబ్బు విషయంలో చేసేది కూడా హింసే. దీన్ని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే కోనసీమలో ఇది ఎక్కువ మంది గుర్తించరు.

ఈ ప్రాంతం నుంచి ఎంతోమంది ఆడవాళ్లు కువైట్, మస్కట్, దుబాయి వెళ్లి ఇళ్లలో పని చేస్తారు. నెలనెలా డబ్బు పంపుతారు. ఆ డబ్బుతో ఇల్లు లేస్తుంది. పట్టా భర్త పేరున ఉంటుంది. నాలుగేళ్లకు ఆమె తిరిగి వస్తుంది. "నా డబ్బు ఏదీ?" అని అడిగితే తన్ని గెంటేస్తాడు. "ఇల్లు నా పేరున ఉంది, పో" అంటాడు. పాస్‌పోర్టు కూడా తీసి దాచేస్తాడు.

ఊళ్లోనే ఉన్న ఆడవాళ్లదీ ఇలాంటి కథే. ఊడ్పుల కూలి చేతికి రాగానే లాక్కుంటారు. డ్వాక్రా అప్పు ఆమె పేరున తీయించి అతను వాడుకుంటాడు. వాయిదా రోజున సంఘంలో తలదించుకునేది ఆమె. పెళ్లినాటి బంగారం తాకట్టులో ఉంటుంది. రసీదు ఆమె దగ్గర ఉండదు. ముసలి తల్లి పింఛను కొడుకు తీసుకుని, ఆమెకు తిండి సరిగా పెట్టడు. ఇవన్నీ గృహహింస కిందికే వస్తాయి. బాధ పడేది భార్యే కానక్కరలేదు. తల్లి, చెల్లెలు, కూతురు, వితంతువైన వదిన, ఎవరయినా కావచ్చు.

పిన్నిగారు ఏం చేసింది?

ఒక ఊళ్లో ఒక కోడలు ఉందనుకుందాం. పెళ్లయి ఏడేళ్లు. ఇద్దరు పిల్లలు. ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉంది. కోడలు ఆవిడను పిన్నిగారు అని పిలుస్తుంది. ఒక రాత్రి పిన్నిగారికి ఏడుపు వినబడింది. పొద్దున్న ఇద్దరూ రేవులో కలిశారు.

"ఏమ్మా, చెయ్యి వాచిందే?"

"తలుపు తగిలిందండి పిన్నిగారూ."

పిన్నిగారు ఇంకేం అడగలేదు. "తలుపు తగిలితే అక్కడెందుకు వాస్తుంది?" అని గుచ్చలేదు. నీళ్ల బిందె ఎత్తి ఆమె చంకన పెట్టింది. "మా వీధి తలుపు రాత్రి కూడా గడియ వెయ్యనమ్మా. ఎంత రాత్రయినా రా. పిల్లల్ని తీసుకునే రా" అంది. అంతే.

నాలుగు రోజుల తరువాత కోడలు వచ్చింది. పంచదార అప్పు అడగడానికి వచ్చినట్టు గ్లాసు పట్టుకుని వచ్చింది. గ్లాసు పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చింది.

"ఎవరితోనూ అనకండి పిన్నిగారూ."

"అననమ్మా. నువ్వు అనమంటేనే అంటాను. ఒక్క మాట విను. ఇందులో నీ తప్పు లేదు."

"పప్పులో ఉప్పు ఎక్కువయిందండి. అందుకే..."

"ఉప్పు ఎక్కువైతే నీళ్లు పోసుకుంటారమ్మా. చెయ్యి విరగ్గొట్టరు."

పిన్నిగారు పెద్దగా చదువుకున్న మనిషి కాదు. కానీ ఆవిడ చేసినవన్నీ సరయిన పనులే. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు అడిగింది. అత్తగారి ముందు అడగలేదు. చెప్పమని బలవంతం చెయ్యలేదు. "నువ్వు ఏమన్నావు? ఎందుకు ఎదురు చెప్పావు?" అని విచారణ పెట్టలేదు. అలా అడిగితే సగం తప్పు ఆమెదేనని చెప్పినట్టవుతుంది. విన్నది మోసుకెళ్లి కుళాయి దగ్గర చెప్పలేదు. ఆవేశపడి భర్త మీదికి వెళ్లనూ లేదు. వెళితే ఆ రాత్రి ఆమెకే ఇంకో నాలుగు దెబ్బలు పడేవి.

తరువాత ఇద్దరూ కలిసి కొన్ని ఏర్పాట్లు చేసుకున్నారు. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పెళ్లి ఫొటో, పిల్లల బడి కాగితాలు జిరాక్సు తీయించి ఒక కవరులో పెట్టారు. కవరు పిన్నిగారి బియ్యం డబ్బా వెనక ఉంది. రెండు జతల పిల్లల బట్టలు, కాస్త డబ్బు కూడా అక్కడే. పెరటి లైటు రెండుసార్లు వెలిగి ఆరితే సాయం కావాలని గుర్తు. అప్పుడు పిన్నిగారు, పక్కింటి వదిన, ఇంకో ఇద్దరు కలిసి వెళతారు. తలుపు కొట్టి "కాస్త అగ్గిపెట్టె ఇస్తారా?" అని అడుగుతారు. నలుగురు గుమ్మంలో నిలబడితే లేచిన చెయ్యి చాలాసార్లు దిగుతుంది.

ఒక జాగ్రత్త. పీక నొక్కాడు అని ఎవరయినా చెబితే తేలిగ్గా తీసుకోకూడదు. పైకి మచ్చ కనబడకపోయినా అది ప్రాణం మీదికి వచ్చిన గుర్తు. కత్తి చూపినా, కిరసనాయిలో పెట్రోలో చేతబట్టినా అంతే. అప్పుడు ఆమె ఒప్పుకునేదాకా ఆగనక్కరలేదు. వెంటనే 112కి ఫోను చెయ్యాలి. ఇల్లు వదిలి వెళ్లిపోతాను అని ఆమె చెప్పిన రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. అందుకే వెళ్లే రోజు ముందుగా ఎవరికీ చెప్పకూడదు. ఒంటరిగా వెళ్లకూడదు.

దూబగుంటలో ఏం జరిగింది?

నలుగురు ఆడవాళ్లు కలిస్తే ఏమవుతుంది అని నవ్వేవాళ్లు ఉంటారు. వాళ్లకు దూబగుంట సంగతి చెప్పాలి.

దూబగుంట నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో ఉంది. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే పేరుతో సాక్షరతా కార్యక్రమం నడిచింది. పగలంతా కూలికి వెళ్లిన ఆడవాళ్లు రాత్రి లాంతరు వెలుతురులో పలకలు పట్టారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల ఒక ఇల్లు ఎలా పాడయిందో ఆ పాఠంలో ఉంది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివారు. చదివి ఊరుకోలేదు. "ఇది మా ఇంటి కథే" అని ఒకామె అంటే, "మాదీ ఇదే" అని ఇంకొకరు అన్నారు. ఇంతకాలం ఎవరి గోడ వెనక వాళ్లు ఏడ్చారు. ఆ రాత్రి బడిలో గోడలు లేవు.

ఆ ఊరి ఆడవాళ్లు ఏకమై సారా కొట్టు మూయించారు. వాళ్లలో వర్ధినేని రోశమ్మ ముందు నిలిచింది. దూబగుంట రోశమ్మ అంటేనే తరువాత అందరికీ తెలిసింది. వాళ్లు చేసిన పనిని "ఆడవాళ్లు ఏకమైతే" అని ఒక పాఠంగా రాసి, మిగతా ఊళ్ల రాత్రి బడులకు ఇచ్చారు. ఆ పాఠం చదివిన ఊళ్లలోనూ ఆడవాళ్లు లేచారు. చీపుర్లు పట్టుకున్నారు. కారం పొట్లాలు కొంగున కట్టుకున్నారు. 1992లో సారా వేలం పాటలు జరగకుండా అడ్డుపడ్డారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో ప్రభుత్వం సారా నిషేధించింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా నిషేధించింది. 1995లో మొత్తం మద్యాన్నే నిషేధించారు.

1997లో ఆ నిషేధం సడలించారు. మద్యం మళ్లీ వచ్చింది. ఇది కూడా చెప్పుకోవాలి. కొట్టు మూయించడం ఒక పని. కొట్టే చెయ్యిని ఆపడం వేరే పని. తాగనివాళ్లు కూడా కొడతారు. తాగేవాడు సైతం వీధిలో పోలీసును కొట్టడు. ఇంటికొచ్చి భార్యనే కొడతాడు. అంటే ఎవరిని కొట్టవచ్చో ఆ మత్తులోనూ అతనికి తెలుసు. కాబట్టి "పాపం, తాగి ఉన్నాడు" అన్న మాట చెల్లదు.

ఆ ఉద్యమం నుంచి నిలిచింది ఇంకొకటి ఉంది. కలిసి కూర్చునే అలవాటు. నెల్లూరులో ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. తరువాత పొదుపు సంఘాలు రాష్ట్రమంతా పెరిగాయి. గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు వచ్చాయి. కొన్ని మండలాల్లో సమాఖ్య ఆడవాళ్లే కుటుంబ సలహా కేంద్రాలు కూడా నడిపారు. డ్వాక్రా సంఘం ఈ రోజు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంది. అప్పులూ వాయిదాలూ అయ్యాక ఒక పావుగంట ఉంచుకుని "ఈ వారం ఎవరయినా మీటింగుకు రాలేదేం?" అని అడగడానికి కొత్త జీవో ఏదీ అక్కరలేదు. హింస పడే ఆడమనిషి ముందుగా మానేసేది మీటింగే.

చట్టం ఏమంటుంది?

2005లో గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. ఈ చట్టంలో ఇరుగుపొరుగు తెలుసుకోవలసిన మాట ఒకటి ఉంది. ఒక ఇంట్లో గృహహింస జరుగుతోందని నమ్మే కారణం ఉంటే ఎవరయినా రక్షణాధికారికి చెప్పవచ్చు. చుట్టం కానక్కరలేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. "మధ్యలో వెళితే మన మీదికే వస్తుంది" అని భయపడేవాళ్లకు ఇది జవాబు.

రక్షణాధికారి అంటే మహిళా శిశు అభివృద్ధి, సంక్షేమ శాఖలో ఈ పని చూసే అధికారి. 2022 ఏప్రిల్ నుంచి కోనసీమ వేరే జిల్లా. జిల్లా కేంద్రం అమలాపురం. కాబట్టి కాకినాడ దాకా వెళ్లనక్కరలేదు. రక్షణాధికారి ఆమె చెప్పింది రాసుకుని మేజిస్ట్రేటుకు పంపుతారు. ఆమె తానే కోర్టులో అర్జీ వేసుకోవచ్చు కూడా.

మేజిస్ట్రేటు ఏం చెయ్యవచ్చు? ఇంకోసారి కొట్టకూడదని ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆమెను ఇంట్లోంచి గెంటకూడదని చెప్పవచ్చు. ఇక్కడ ఆగి చదవండి. ఇల్లు ఆమె పేరున లేకపోయినా సరే, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది. ఖర్చులకు డబ్బు ఇప్పించవచ్చు. బంగారం తిరిగి ఇప్పించవచ్చు. పిల్లల్ని తాత్కాలికంగా ఆమె దగ్గర ఉంచవచ్చు. తొందర ఉంటే, అవతలి వాళ్లు రాకపోయినా ముందు ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఉత్తర్వు కాపీ ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మూడు రోజుల్లోపు మొదటి వాయిదా వెయ్యాలని, మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చెయ్యాలని చట్టంలో ఉంది. నడకలో ఆలస్యం అవుతుంది. అది తెలిసే దిగాలి. వాయిదా రోజున ఆమె వెంట ఒకరు వెళ్లడం, ఆ పూట పిల్లలకు ఒకరు అన్నం పెట్టడం ఇక్కడే పెద్ద సాయం. చాలా కేసులు చట్టం లేక ఆగవు. బస్సు ఖర్చు లేక, తోడు లేక ఆగుతాయి.

భర్త, అత్తమామలు చేసే క్రూరత్వానికి పోలీసు కేసు వేరే ఉంది. అది పాత చట్టంలో 498ఎ. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను. మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. పోలీసు కేసు పెట్టాలా, కేవలం రక్షణ ఉత్తర్వు కోరాలా, రెండూనా అన్నది ఆమె ఇష్టం. ఊరివాళ్లు ఆమె తరఫున తేల్చకూడదు.

లాయరు ఫీజు సంగతి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వం ఉచితంగా లాయరును ఇస్తుంది. కోర్టు దగ్గర ఉండే న్యాయ సేవల కమిటీలో అడగాలి. 15100కి ఫోను చేసినా చెబుతారు. 181 ఆడవాళ్ల సహాయ నంబరు. పగలూ రాత్రీ పని చేస్తుంది. తలదాచుకునే చోటు కావాలంటే వాళ్లు సఖి కేంద్రానికి పంపుతారు. దాన్నే వన్ స్టాప్ సెంటర్ అంటారు. అక్కడ కొద్ది రోజులు ఉండవచ్చు. వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా అక్కడే చూస్తారు.

దెబ్బలు తగిలితే ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. డాక్టరు అడిగితే "జారి పడ్డాను" అనకూడదు. ఎవరు కొట్టారో, దేనితో కొట్టారో చెప్పాలి. డాక్టరు అది కాగితం మీద రాస్తారు. కమిలిన మచ్చ పది రోజుల్లో మానిపోతుంది. డాక్టరు రాసిన కాగితం ఉంటుంది.

సంతకం పెట్టేముందు

ఊళ్లలో మామూలుగా జరిగేది ఒకటుంది. గొడవ బయటికి వస్తే పెద్దమనుషులు కూర్చుంటారు. అరుగు మీద పంచాయితీ. ఇద్దరినీ కూర్చోబెట్టి "ఇంక కలిసి ఉండండి" అంటారు. ఒక కాగితం రాస్తారు. "ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా" అంటారు.

అందరు పెద్దలూ చెడ్డవాళ్లని కాదు. నిజంగా కాపురం నిలబెట్టాలని చూసేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ కాగితంలో ఏముంది? ఒక్కోసారి ఇలా ఉంటుంది: నేను ఇష్టపూర్వకంగా రాజీ పడ్డాను, మా పుట్టింటివారు ఇకమీదట కలగజేసుకోరు, నాకు రావలసిన సొమ్ములన్నీ ముట్టినవి. సొమ్ములు ముట్టలేదు. ముట్టినట్టు వేలిముద్ర పడింది. ఆరు నెలల తరువాత కోర్టులో ఆ కాగితమే ఆమెకు అడ్డు వస్తుంది.

చదువు నేర్చుకున్నవాళ్లకు ఇక్కడ పని ఉంది. కాగితం చేతికి తీసుకోవాలి. వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదవాలి. ఎంతసేపయినా సరే. "చదివేదేముందమ్మా, పెద్దలు రాశారు" అంటే, "పెద్దలు రాశారు కనుకే చదువుతానండి" అనవచ్చు. అర్థం కాని మాట ఉంటే సంతకం రేపు పెడతానని చెప్పాలి. తెల్ల కాగితం మీద ఎప్పుడూ పెట్టకూడదు. రాజీ అంటే కొట్టినవాడు ఏం మానుకుంటాడో కూడా అందులో ఉండాలి. ఎప్పటికల్లా ఏ సొమ్ము తిరిగి ఇస్తాడో తేదీతో ఉండాలి. ఒక ప్రతి ఆమె దగ్గర ఉండాలి. రాజీ కాగితం ఉంది కదా అని, మళ్లీ కొడితే కోర్టుకు వెళ్లకూడదని ఏమీ లేదు.

ఇంకో పని. ఏ రోజు ఏం జరిగిందో ఒక పుస్తకంలో రాసుకోవాలి. తేదీ, వేళ, ఎవరు చూశారు. రెండు వరుసలు చాలు. అక్షరదోషాలు ఉన్నా ఫరవాలేదు. ఆ పుస్తకం ఇంట్లో కాకుండా నమ్మకమైన మనిషి దగ్గర ఉంచాలి.

మగవాళ్లు ఈ పాఠం ఆడవాళ్లదని పక్కన పెట్టకూడదు. కొబ్బరి దింపు దగ్గర, టీ కొట్టు దగ్గర, పడవ మీద ఒకడు "నిన్న రాత్రి మా ఆవిడకు నాలుగు వడ్డించాను" అని నవ్వుతూ చెబుతాడు. పక్కవాళ్లు నవ్వకుండా ఉంటే చాలు, సగం పని అవుతుంది. "అదేం పనిరా?" అని ఒక స్నేహితుడు అంటే మిగతా సగం మొదలవుతుంది. ఆడవాళ్లు వంద చెప్పినా వినని మాట, తోటి మగవాడు ఒకటి చెబితే వింటాడు. ఇది న్యాయం కాదు, అయినా ఇప్పటికి ఇలాగే ఉంది.

అర్జీ రాద్దాం

రక్షణాధికారికి అర్జీ ఇలా రాయవచ్చు. నోటు పుస్తకంలో చూసి రాయండి. ఖాళీలను మీ మాటలతో నింపండి.

శ్రీయుత రక్షణాధికారి గారికి,
మహిళా శిశు అభివృద్ధి, సంక్షేమ శాఖ,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా, అమలాపురం.

అయ్యా / అమ్మా,

నా పేరు ........ . వయసు ........ . నేను మామిడికుదురు మండలం ........ గ్రామంలో ఉంటున్నాను. నాకు ........ సంవత్సరంలో ........ తో పెళ్లయింది. మాకు ........ మంది పిల్లలు.

........ తేదీ ........ వేళ నన్ను ........ కొట్టారు (తిట్టారు, ఇంట్లోంచి గెంటారు, డబ్బు లాక్కున్నారు). దీనికి ముందు కూడా ........ సార్లు ఇలా జరిగింది. నేను ........ ఆసుపత్రిలో చూపించుకున్నాను. ఆ కాగితం జత చేశాను. ఈ సంగతి ........ గారికి తెలుసు.

నన్ను మళ్లీ కొట్టకుండా చూడాలి. నన్నూ నా పిల్లలనూ ఇంట్లో ఉండనివ్వాలి. నా ........ నాకు తిరిగి ఇప్పించాలి. ఖర్చులకు నెలకు ........ రూపాయలు ఇప్పించాలి. లాయరును ఉచితంగా ఇప్పించాలని కూడా కోరుతున్నాను.

తేదీ: ........
సంతకం: ........

అర్జీ రెండు ప్రతులు రాయాలి. ఒకటి ఆఫీసులో ఇవ్వాలి. రెండో దాని మీద "ముట్టింది" అని రాయించుకుని, తేదీతో ముద్ర వేయించుకోవాలి. ఆ ప్రతి బియ్యం డబ్బా వెనక కవరులో పెట్టాలి. వీధిలో ఇంకా చదువు రానివాళ్లు ఎవరయినా ఉంటే, ఈ అర్జీ వాళ్లకు ఒకసారి గట్టిగా చదివి వినిపించండి. ఎవరి కోసమని చెప్పనక్కరలేదు.